పన్ను గురించి నువ్వు అడగలేదు

కాదు వదినా, బాగోలేదంటే బాగోలేదని చెప్పు, నేనేమన్నా కొడతానా? కానీ ఆ మధ్య "కథనంలో బిగువు సడలింది" అన్నావే, అదేమిటి? నీ జన్మలో ఎప్పుడన్నా ఆ మాట అన్నావా నువ్వు? జడ వదులైనా "ఊడింది" అనే మనిషివి.

ఉండు, ఈ ఇయర్‌ఫోను తీసి మాట్లాడతా. ఆ. ఇప్పుడు వినిపిస్తోందా? చూడు, వినిపిస్తోందా అని అడుగుతున్నాను, నువ్వేదో ఎదురుగా కూర్చున్నట్టు. నువ్వెప్పుడు వింటావో ఏమో.

ఇక్కడ భోజనాల వేళ. లాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. లాబ్ నడిపే మా పెద్దాయన కట్టుడు పళ్ళ సెట్లు సంచిలో వేసుకుని డాక్టర్ల చుట్టూ తిరగడానికి వెళ్ళాడు. అరగదీసే మిషను కట్టేశాను. బల్ల మీద దవడల అచ్చులన్నీ నా వైపే చూస్తున్నాయి. మొదటిసారి నన్ను చూడ్డానికి ఇక్కడికి వచ్చినప్పుడు, "ఇంతమంది ఇకిలిస్తుంటే ఎలా పని చేస్తావే" అన్నావు గుర్తుందా? అదీ నీ మాట. నీ మాటంటే అలా ఉంటుంది. బిగువు, సడలింపు, ఇవి ఎవరి మాటలు?

పొద్దున్న రెండు వాయిస్ నోట్లు పంపాను. టిక్కులు ఇంకా బూడిద రంగులోనే ఉన్నాయి. వాటిలో ఏమీ లేదులే, వినకపోయినా నష్టం లేదు. ఇది మాత్రం విను. మధ్యలో ఆపకు. ఒకటిన్నర స్పీడులో పెట్టకు.

మీరు పై వాటా ఖాళీ చేసిన రోజు గుర్తు చేసుకో. అన్నయ్య లారీవాడితో బీరువా గురించి పోట్లాడుతున్నాడు. నువ్వు మెట్ల మీద కూలబడ్డావు, నేను పక్కన. "ఇన్నేళ్ళూ కిటికీలోంచి మాట్లాడుకున్నాం, ఇప్పుడు ఫోన్లో ఏం మాట్లాడతామే? తిన్నావా, పడుకున్నావా, అంతేగా. నాలుగు రోజులకి విసుగొస్తుంది" అన్నావు. అప్పుడు నువ్వే అన్నావు, ఇద్దరం ఒకే పుస్తకం విందాం, రోజుకో భాగం, పొద్దున్నే దాని మీద పోట్లాడుకుందాం అని.

ఆ వినే పుస్తకాల్లో ఏది తియ్యాలో తెలీక నేను చూస్తూ కూర్చుంటే, "అన్నిట్లోకి పెద్దది తియ్యి, ఎక్కువ రోజులొస్తుంది" అన్నావు. బట్టల సబ్బు కొన్నట్టు. అన్నిట్లోకి పెద్దది ఇదీ. గాజు కక్ష్య. అంతరిక్షమూ, గూఢచారులూ, తుపాకులూ. మనిద్దరికీ ఒక్క ముక్క తెలీదు. "నాకు తెలిసిన గూఢచారి ఎదురింటావిడ ఒక్కతే" అన్నావు. లారీవాడు కూడా నవ్వాడు.

మొదట్లో ఎంత బాగుండేది వదినా.

ఎక్కడో ఓ గ్రహం చుట్టూ తిరిగే గాజు ఊరు, అందులో మన గూఢచారి, పనయిపోగానే వాడి జ్ఞాపకాలన్నీ తుడిచేయడం. చెవిలో మాత్రం ఒక గొంతు. ఎటు తిరగాలి, ఎవర్ని నమ్మకూడదు, అన్నీ ఆ గొంతే చెబుతుంది. నేనైతే భయపడుతూ విన్నాను. నువ్వేమో పొద్దున్నే, "అంతా గాజే అంటున్నాడు, మరి స్నానం ఎక్కడ చేస్తార్రా వీళ్ళు" అన్నావు. ఇంకోసారి, "బట్టలెక్కడ ఆరేస్తారు, ఎండ ఎటునుంచి వస్తుంది" అన్నావు. వాడి పై అధికారి కసిరినప్పుడల్లా "అచ్చం మీ అన్నయ్యే, అన్నం ఆలస్యమైతే" అనేదానివి. అది వింటూ నవ్వి వేడి మైనం వేలి మీద పోసుకున్నాను. మా పెద్దాయన, "ఏమ్మా, పళ్ళు చూసి నవ్వొస్తోందా" అన్నాడు.

ఆ తరవాత నీ అభిప్రాయాలు మారాయి. నెమ్మదిగా. "పాత్రల మానసిక సంఘర్షణ లోతుగా ఉంది" అన్నావు ఒకరోజు. నేను ఆ ముక్క రెండోసారి పెట్టుకుని విన్నాను. సంఘర్షణ దగ్గర కొంచెం తడబడ్డావు కూడా. సరే, ఊరు మారింది, కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం, పెద్ద పెద్దవాళ్ళు వస్తారు, మాట మెరుగు పడిందేమో అనుకున్నాను. నిజం చెప్పనా? సిగ్గేసింది నాకు. మా వదిన ఎక్కడికో వెళ్ళిపోయింది, నేనేమో ఇంకా వాడు పళ్ళు ఎప్పుడు తోముకుంటాడు అంటూ కూర్చున్నాను అని. నీకు తగ్గట్టు ఉండాలని నేను కూడా సంఘర్షణ వాడాను. ఒకసారి కాదు. నువ్వు గమనించి ఉండవు.

ఎందుకు గమనిస్తావు. వింటే కదా.

ఇంతవరకు పంపేస్తాను. మరీ పొడుగైతే నువ్వు భయపడతావు.

ఆ. పంపాను.

పన్ను భాగం వచ్చింది చూడు. అక్కడ బయటపడింది నాకు. గూఢచారిని పట్టుకుంటారనగా వాడేం చేస్తాడు, రహస్యం ఉన్న గింజంత చిప్పుని కట్టుడు పన్నులో దాచి పెట్టుకుంటాడు. వదినా, ఆ ముక్క వచ్చేసరికి నేను చేతిలో పని వదిలేశాను. ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టయింది. ఇంత పెద్ద ఆకాశంలో, అన్ని తుపాకుల మధ్య, నా పన్ను.

ఆ రోజంతా ఎదురుచూశాను. రేపు పొద్దున్నే వదిన అడుగుతుంది, "ఏమే పిల్లా, నిజంగా అలా పెట్టొచ్చా, నమిలితే ఊడిపోదా" అని. ఏం చెప్పాలో కూడా అనుకున్నాను. చెయ్యి కడుక్కుంటూ ఒకసారి, తాళం వేస్తూ ఒకసారి, ఇంట్లో గిన్నె తోముతూ ఒకసారి చెప్పుకున్నాను. వెనక దవడలో అయితే పెట్టొచ్చు వదినా, ముందు పన్నులో చోటు చాలదు, కావాలంటే నీకొకటి చేసిపెడతా, అన్నయ్య జీతం దాచుకో అని. నవ్వుతావు కదా అని.

మర్నాడు పొద్దున్న నీ నోట్ వచ్చింది. "ఈ భాగంలో కథనంలో బిగువు సడలింది. సాంకేతిక వివరాలు ఎక్కువై భావోద్వేగం తగ్గింది."

పన్ను గురించి నువ్వు అడగలేదు.

పళ్ళు చేసే మరదలు ఉన్న ప్రపంచంలో ఏ వదినయినా అడుగుతుంది. నిద్రలో విన్నా అడుగుతుంది.

కోపం రాలేదు. అదేంటో మరి. ఇంకెవరన్నా పన్ను గురించి ఏమన్నా అన్నారేమో చూద్దామని అభిప్రాయాల పేజీ తెరిచాను. ప్రతి భాగం చివర పుస్తకం చదివే ఆయన చెబుతాడుగా, మీ అభిప్రాయం రాయండి అని, అది. నేనెప్పుడూ తెరవలేదు. నాకెందుకు, నా అభిప్రాయం చెప్పుకోవడానికి నువ్వున్నావు కదా అని. తెరవగానే పైనే ఉంది. పాత రేడియో అని పేరు పెట్టుకున్న ఎవరో. "ఈ భాగంలో కథనంలో బిగువు సడలింది. సాంకేతిక వివరాలు ఎక్కువై." మూడు స్టార్లు.

కింద కింద చూసుకుంటూ పోయాను. అన్నీ ఉన్నాయి వదినా. సంఘర్షణ ఉంది. "చెవిలో గొంతు పాత్ర ఒక ప్రహేళిక", అదీ ఉంది. అది నువ్వు చెప్పిన రోజు ప్రహేళిక అంటే ఏమిటో మా పెద్దాయన్ని అడిగాను నేను. ఏడో భాగం నుంచి నువ్వు నాతో అన్నవన్నీ అక్కడ బారుగా ఉన్నాయి. ఎవరో సంకోచం లేకుండా తిట్టినదీ, ఎవరో పొగిడినదీ, రెండూ నీ నోటితో విన్నాను.

అంటే ఆరు భాగాలు విని మానేశావు.

ఉండు. నీలం అయ్యాయి.

టిక్కులు నీలం అయ్యాయి వదినా. వింటున్నావన్నమాట. ఇందాకటి నుంచీ ఎవరూ లేరనుకుని మాట్లాడాను. ఇప్పుడు నాకే కంగారుగా ఉంది.

ఇది కూడా పంపేస్తాను. భయపడకు, తిట్టడానికి కాదు.

నువ్వు ఏదో రికార్డు చేస్తున్నట్టు వస్తోంది పైన. చెయ్యకు. ఆగు. సారీ అని చెప్పబోతున్నావు, నాకు తెలుసు, అది వింటే నేను మిగతాది చెప్పలేను. నన్ను చెప్పనీ. ఈ ముక్క పంపేస్తున్నా.

ఆ. ఆపావు. మంచిదానివి.

ఆ రోజు రాత్రంతా ఒకటే అనుకున్నాను. వినడం మానేసింది సరే, అప్పుడే చెప్పొచ్చు కదా, పిల్లా నా వల్ల కావట్లేదే, ఆ తుపాకులూ నేనూ అని. చెప్పలేదు. మరి రోజూ పొద్దున్నే ఆ పేజీ తెరిచి, ఒకటి వెతికి, నాకోసం చదివి పంపిందే. పుస్తకం వినడం కన్నా అది ఎక్కువ పని కదా. పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడేంత తీరిక లేదు, వదిలెయ్యడానికి చెయ్యి రాదు. ఇది ప్రేమా, మొహమాటమా? నువ్వే చెప్పు. వద్దు, చెప్పకు.

నేను ఒకటి చేశాను.

నవ్వుతావో, అసహ్యించుకుంటావో. ఆ పేజీలో నేను కూడా రాయడం మొదలుపెట్టాను. పేరు అడిగింది, కొత్త శ్రోత అని పెట్టాను. నువ్వు అన్నిట్లోకి పైనున్నది చదువుతావని కనిపెట్టాను. ఎప్పుడూ పైది. అది కూడా సబ్బు లెక్కే, వెతకవు. కొత్తగా రాసింది పైకి వస్తుంది. పొద్దున్న నువ్వు బయల్దేరే ముందు నాది పైన ఉండేలా చూసుకున్నాను.

మొదటిది చాలా పెద్దమనిషి తరహాలో రాశాను. "ఉత్కంఠ నిలుపుకోవడంలో రచయిత సఫలమయ్యారు" అని. పొద్దున్నే నువ్వు చదివావు. ఒక్క అక్షరం పోకుండా. నేను మైనం కరగబెడుతూ విన్నాను. నా మాట నీ గొంతులో ఎంత బాగుందో.

తరవాత ధైర్యం వచ్చింది. "గాజు ఊళ్ళో ఎవరికీ జలుబు చెయ్యదా, ఒక్కడూ తుమ్మడేం" అని రాశాను. అది చదువుతూ నువ్వు నవ్వావు. నిజంగా నవ్వావు వదినా, మధ్యలో ఆగి, ముక్కుతో. "ఎవడో గానీ" అన్నావు, గబుక్కున సర్దుకుని "అదే, నాకనిపించింది" అన్నావు. ఆ నవ్వు నేనెన్నిసార్లు విన్నానో చెప్పను. ఎలా చెప్పను. మీరు వెళ్ళాక నేను నవ్వించిన మొదటి మనిషివి.

ఇంక ఆపలేకపోయాను. "ఈ భాగం వింటుంటే మా మరదలు గుర్తొచ్చింది, దానిదీ ఇలాగే మొండితనం" అని రాశాను ఒకరోజు. చదివావు. ఎవరి మరదలో అనుకుని ఉంటావు. ఇంకోరోజు, "ఒంటరిగా ఉన్నవాళ్ళు ఈ భాగం తిన్నాక వినండి, లేకపోతే తినరు" అని రాశాను. అదీ చదివి పంపావు. ఆ పూట నేను అన్నం వండుకున్నాను. నువ్వు తినమన్నావు కదా అని.

అవును, నేనే రాసుకున్నాను, నేనే విన్నాను, నేనే తిన్నాను. పెళ్ళీ పెటాకులూ లేనిదానికి బుర్ర ఇలాగే తిరుగుతుందని అన్నయ్యతో అనకు. అను, పర్లేదు. వాడు ఎలాగూ వినడు.

నిన్నటిది చెప్పాలి.

దాన్ని అభిప్రాయం అనకూడదేమో. ఆ గూఢచారికి ఓ అక్క ఉంటుంది, కింద గ్రహం మీద. నువ్వు వినలేదు గనక చెబుతున్నా, మొత్తం పుస్తకంలో ఆవిడకి రెండు వాక్యాలు. వీడు పైకి వెళ్ళిపోతుంటే ఆవిడ గేటు దగ్గర నిలబడుతుంది. అంతే, మళ్ళీ కనబడదు. ఒక్క అభిప్రాయంలోనూ ఎవరూ ఆవిడ ఊసెత్తలేదు. పాత రేడియో కూడా.

నేను రాశాను. "గూఢచారి అక్కని రచయిత మర్చిపోయాడు. ఆవిడ కింద ఉంది. పొద్దున్నే లేచి పైకి చూస్తుంది. పైన ఎవరూ నడవరు. నీళ్ళ మోటారు ఆవిడే వేస్తుంది, ఆవిడే ఆపుతుంది. సాయంత్రం చెవిలో ఒక గొంతు పెట్టుకుని కూర్చుంటుంది. పుస్తకం అయిపోతే ఆవిడ్ని ఎవరు పలకరిస్తారు?"

గాజు ఊరి కథలో నీళ్ళ మోటారు ఏమిటి అని ఎవరన్నా తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. ఇద్దరికి నచ్చింది కూడా.

మనిద్దరికీ తప్ప ఎవరికి తెలుస్తుంది మోటారు సంగతి? నేను కింద వేసేదాన్ని, నువ్వు పైనుంచి "నిండిందే" అని అరిచేదానివి. ఒక్కోసారి నువ్వు కూరలో పడి మర్చిపోతే నీళ్ళు గోడంతా కారేవి, ఇంటాయన ఇద్దర్నీ కలిపి తిట్టేవాడు. ఇప్పుడు వేసేసి, నేనే పైకెక్కి చూసి, నేనే దిగి ఆపుతున్నాను. పై వాటాకి ఇంకా ఎవరూ రాలేదు. మెట్లెక్కుతుంటే నీ గుమ్మం ముందు నుంచే వెళ్ళాలి.

నిన్న పొద్దున్న నీ నోట్. బస్టాపు నుంచి పంపావు, చుట్టూ గోల. "గూఢచారి అక్కని రచయిత మర్చిపోయాడు" అని మొదలుపెట్టావు. గబగబా చదువుతున్నావు, ఎప్పట్లాగే. పైన ఎవరూ నడవరు అన్నావు. నీళ్ళ మోటారు ఆవిడే వేస్తుంది అన్నావు. ఆవిడే ఆపుతుంది అన్నావు.

ఆగిపోయావు.

ఊపిరి ఒకటి వినిపిస్తోంది. తరవాత బస్సు బ్రేకు వేసిన చప్పుడు. తరవాత, "సరే, ఉంటా పిల్లా." అంతే, కట్.

కింద ఇంకా రెండు ముక్కలున్నాయి. నువ్వు చదవలేదు.

ఇక్కడ మిషను కట్టేసి విన్నాను. తలుపు మూసి విన్నాను. ఫోను చెవికి నొక్కిపెట్టి విన్నాను. ముందు నువ్వు ఆగావా, ముందు బస్సు వచ్చిందా? నాకు తెలియట్లేదు వదినా. మోటారు దగ్గర నేను గుర్తొచ్చి ఆగావా, బస్సు కనబడి ఆగావా? ఒకసారి వింటే ఇలా అనిపిస్తుంది, ఇంకోసారి వింటే అలా.

అందుకే ఇదంతా చెప్పేశాను. లేకపోతే ఇవాళ కూడా రాసేదాన్ని. రేపు కూడా.

పుస్తకం ఒక్క భాగమే మిగిలింది. నేను వినలేదు, అలాగే ఉంచాను. ఆ చెవిలో గొంతు ఎవరిదో అందులో చెబుతారట, పేజీలో అందరూ దాని గురించే కొట్టుకుంటున్నారు. నాకు తెలుసుకోవాలని లేదు.

నీకు కథ అక్కర్లేదు. అభిప్రాయమూ అక్కర్లేదు. చదవకు వదినా, ఏదీ చదవకు. అక్కడ మోటారు ఎవరు వేస్తారో చెప్పు. నిండితే ఎవరు అరుస్తారో చెప్పు. నీకు ఎంతసేపు వీలైతే అంతసేపు, లేకపోతే ఒక్క ముక్క.

ఇదీ పంపాను, నీలం అయింది. మళ్ళీ రికార్డు చేస్తున్నట్టు వస్తోంది. చెయ్యి. ఈసారి ఆపను, నేను ఊరుకుంటాను.

...

ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఎంతసేపు చెబుతున్నావో. పొడుగ్గా ఉన్నా పర్లేదు, మా పెద్దాయన ఇప్పట్లో రాడు.

...

పోయింది. ఏమీ రాలేదు.

నెట్టు సరిగ్గా లేదేమో, చూస్తా ఉండు. లేదు, ఉంది.

సరేలే. బస్సొచ్చుంటుంది.